మా కోచ్ సార్‌కీ, ఆ ఆదివారం తోడున్న అందరికీ కృతజ్ఞతలు

హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పూర్తిచేశాను. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా, 21.1 కిలోమీటర్లు. ఫోన్లు చేసినవాళ్లకీ మెసేజ్‌లు పెట్టినవాళ్లకీ థాంక్స్. అయితే ఆ అభినందనల్లో పెద్ద వాటా మా కోచ్ సార్‌ది. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు, రాయను.

సార్ ఒకప్పుడు 10,000 మీటర్ల రన్నర్. ట్రాక్ మీద 25 రౌండ్లన్నమాట. పోటీలు మానేశాక పరుగు గురించి తెలుగులో రాయడం మొదలుపెట్టారు, ఆ తర్వాత మాలాంటివాళ్లకి కోచింగ్. కేబీఆర్ పార్క్ దగ్గర వార్మప్ అవగానే, తన చేతిరాత జిరాక్స్ కాగితం ఒకటి చేతిలో పెడతారు. ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే స్పీడుకి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది, కాబట్టి వాచీ వదిలేసి ఊపిరి చూసుకోండి అని అందులోనే చదివాను. ఇంత విడమరిచి నాకెవరూ చెప్పలేదు.

మధ్యలో నడిస్తే నామోషీ కదా సార్ అని మా బ్యాచ్‌లో ఎవరో అంటే జెఫ్ గాలోవే గురించి చెప్పారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరుగెత్తినాయన. 1974లో కొత్తవాళ్లకి క్లాసు పెట్టి, అలసట రాకముందే కాసేపు నడవమని నేర్పాడు. పుస్తకాలూ రాశాడు. నాకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని నచ్చింది. 1972 ఒలింపిక్స్‌కి అమెరికా మారథాన్ జట్టును ఎంచే ట్రయల్స్‌లో మొదటి ముగ్గురికే చోటు. అందులో, తన చోటు 10,000 మీటర్లలో ఖాయమైపోయింది కదా అని, స్నేహితుడు జాక్ బాచెలర్ పక్కనే పరుగెత్తి మూడో స్థానం అతనికి వదిలేశాడు. ఆ బాచెలర్ మ్యూనిక్ మారథాన్‌లో తొమ్మిదోవాడిగా వచ్చాడు.

మా సారూ ఆ బాపతే. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద నా పిక్క పట్టేసింది. ఆయన ఆగిపోయి, రెయిలింగ్ పట్టుకోమని, మడమ నేలకి అదిమించి, "ఏం కాదమ్మా, ఆ లైటు స్తంభం దాకా నడుద్దాం, తర్వాత చూద్దాం" అన్నారు. అలా ఎన్ని స్తంభాలో! ఆయన టైమింగ్ మాత్రం గాలికి పోయింది.

ఉప్పు చల్లిన నారింజ తొనలు నోటికందించిన వలంటీర్ పిల్లలకీ, ఆదివారాలు మా ఇంటి టిఫిన్ల బాధ్యత తీసుకున్న వదినకీ రుణపడి ఉన్నాను. వదిన పెసరట్ల వల్ల మా పిల్లలు నన్ను ఇంకా పరుగెత్తమంటున్నారు, అది వేరే సంగతి.

సార్ కాగితాలన్నీ టైపు చేస్తున్నాం. పాత బ్యాచ్ వాళ్ల దగ్గర ఏవైనా మిగిలి ఉంటే ఫొటో తీసి పంపండి. మొదటి ఏడాదివి అస్సలు దొరకట్లేదు.