బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుని ఊరికి తిరిగి వచ్చినవారి సంగతి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కరీంనగర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్న నా దగ్గరికి హైదరాబాద్‌లో బరువు తగ్గించే శస్త్రచికిత్స, అంటే బేరియాట్రిక్ సర్జరీ, చేయించుకుని సొంత ఊళ్లకు తిరిగి వచ్చినవారు తరచుగా వస్తుంటారు. వారిలో చాలామందికి ఆపరేషన్ బాగానే జరిగి ఉంటుంది. గాయాలు మాని, బరువు కూడా తగ్గుతూ ఉంటుంది. కానీ ఏది తినవచ్చో, ఏ మాత్ర మానకూడదో, ఎలాంటి నొప్పికి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలో చెప్పే మనిషి వారికి చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో దొరకడు. సర్జన్ల నైపుణ్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు, ఆ తర్వాత జీవితాంతం సాగవలసిన సంరక్షణను మన ప్రజారోగ్య వ్యవస్థ ఇంకా తన పనిగా భావించడం లేదన్నదే నా ఆవేదన. ఆ పనిని మీ శాఖ చేపట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇది డబ్బున్నవారి సోకు అని తీసిపారేయడానికి ఇప్పుడు వీలులేదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. వీరిలో అత్యధికులకు ఆపరేషన్‌తో పనిలేదు, ఆ మాట ముందే చెప్పడం మంచిది. అయితే బరువు మితిమీరి, దానితోపాటు అదుపులోకి రాని మధుమేహమో, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బో, గుండె జబ్బో ఉన్నవారికి ఇది ప్రాణం నిలిపే చికిత్స. అందుకే 2019లో బీమా నియంత్రణ సంస్థ స్పష్టమైన నిబంధన పెట్టింది: 18 ఏళ్లు నిండి, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక) కనీసం 40 గానీ, తీవ్రమైన అనుబంధ వ్యాధులతో కనీసం 35 గానీ ఉండి, ఇతర పద్ధతులు ఫలించని పక్షంలో, వైద్యుడి సలహాపై జరిగే ఈ శస్త్రచికిత్సకు ఊబకాయం పేరుతో బీమా చెల్లింపును నిరాకరించే షరతు వర్తించదు. ఉద్యోగి వైద్య బీమాతో ఈ ఆపరేషన్ చేయించుకునే ఉపాధ్యాయులు, చిన్న కంపెనీల గుమాస్తాలు ఇప్పుడు మా జిల్లాల్లోనూ ఉన్నారు. కొన్నేళ్ల కిందట ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వైద్యులు రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి ఈ శస్త్రచికిత్సను విజయవంతంగా చేసినప్పుడు రాష్ట్రమంతా సంతోషించింది. అంటే ప్రభుత్వ రంగానికి ఇది చేతకాని పనేమీ కాదు.

ముందుగా సన్నద్ధత గురించి. ఆపరేషన్‌కు దాదాపు రెండు వారాల ముందు నుంచి పిండిపదార్థాలు, నూనె బాగా తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ద్రవాహారం మీద రోగిని ఉంచుతారు. ఎందుకని రోగిని అడిగితే, బరువు తగ్గడానికే కదా అంటారు. అసలు కారణం కాలేయం. ఊబకాయం ఉన్నవారిలో కొవ్వు పట్టి పెరిగిన కాలేయపు ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీదికి వాలి ఉంటుంది. ఆ రెండు వారాల ఆహారంతో అది కుంచించుకుపోయి మెత్తబడితే, సర్జన్ దాన్ని పక్కకు జరిపి భద్రంగా పనిచేయగలుగుతాడు. ఈ సంగతి వివరంగా తెలిసిన రోగులు నియమం తప్పడం నేను పెద్దగా చూడలేదు. తెలియనివారి ఇళ్లలో మాత్రం, ఆపరేషనయ్యాక ఎలాగూ తినలేడు కదా అని బంధువులు వరుసపెట్టి భోజనాలకు పిలవడం మామూలైపోయింది. ప్రేమతో పెట్టిన ఆ బిర్యానీ ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్‌కు ఎంత చిక్కు తెచ్చిపెడుతుందో వారికి తెలియదు. ఇక ఎండోస్కోపీ, పిత్తాశయంలో రాళ్ల కోసం స్కానింగ్, థైరాయిడ్, గుండె పరీక్షలు, అవసరమైతే నిద్ర పరీక్ష దాదాపు అంతటా జరుగుతున్నాయి. జరగవలసినంత శ్రద్ధగా జరగనివి రెండు: బి12, డి విటమిన్, ఐరన్ నిల్వలు ముందే ఎంత ఉన్నాయో చూడడం, మానసిక నిపుణుడితో నిదానంగా మాట్లాడించడం. కోపం వచ్చినా దిగులు కలిగినా తిండిలోనే ఓదార్పు వెతుక్కునే మనిషికి, జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేసిన మరునాడు ఆ ఓదార్పు కూడా ఉండదు. సిగరెట్టు, గుట్కా కనీసం ఆరు వారాల ముందు మానాలన్న నియమాన్ని కూడా కాగితం మీద రాసిచ్చి వదిలేస్తే చాలదు.

డిశ్చార్జ్ తర్వాత ఇంట్లో మొదలయ్యేది పథ్యం గొడవ. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు పడదని మన పెద్దవాళ్లు ఆపరేషనైన మనిషికి అవన్నీ మాన్పించి మెత్తటి అన్నంలో చారు కలిపి పెడతారు. ఇతర ఆపరేషన్ల విషయంలో ఆ నమ్మకం చేసే నష్టం ఎంతో కొంత సర్దుకుపోవచ్చు గానీ ఇక్కడ మాత్రం కాదు. వీరికి రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలి. కప్పు నిండేంత కూడా పట్టని జీర్ణాశయంలో ఆ కొద్ది చోటును చారన్నం ఆక్రమిస్తే కండలు కరిగిపోతాయి, జుట్టు ఊడుతుంది, నీరసం మంచం దిగనివ్వదు. జుట్టు మూడో నెల నుంచి కొంత రాలడం మామూలే, తర్వాత తిరిగి వస్తుంది. మాంసకృత్తులు చాలకపోతే మాత్రం అది ముదురుతుంది. మొదటి రెండు వారాలు వడకట్టిన పల్చని మజ్జిగ, పప్పుకట్టు, వెన్న తీసిన పాలు, ప్రోటీన్ పొడి కలిపిన ద్రవాలు. ఆ తర్వాత మిక్సీ పట్టిన పప్పు, చిదిమిన పనీర్, మెత్తగా ఉడికిన గుడ్డు, ముల్లు లేని చేప. రెండో నెల నాటికి నెమ్మదిగా గట్టి ఆహారం. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి, రోజు మొత్తంలో గుక్క గుక్కగా లీటరున్నర తగ్గకుండా తాగాలి. మా జిల్లా అత్తగారికి అర్థమయ్యేలా ఇదంతా తెలుగులో రాసి ఉన్న కాగితం నా దగ్గరికి వచ్చినవారిలో చాలా తక్కువ మంది చేతుల్లో చూశాను. ఎక్కువమందికి దొరికింది ఇంగ్లీషులో అచ్చయిన ఒక పట్టిక, అందులో బ్రకోలీ సూపు, ఓట్స్, గ్రీక్ యోగర్ట్.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావించే విషయానికి వస్తాను. ఆపరేషనైన కొన్ని వారాలకు కొందరు రోగులకు వాంతులు పట్టుకుంటాయి. తొందరగా తినడం వల్ల కావచ్చు, లోపలి దారి సన్నబడడం వల్ల కావచ్చు. నాలుగు రోజులు ఏమీ ఇమడక నీరసపడ్డ మనిషిని మన ఊళ్లలో ఎక్కడికి తీసుకెళతారో మీకు తెలియనిది కాదు. ఆర్‌ఎంపీ దగ్గరో, చిన్న నర్సింగ్ హోంలోనో ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. మామూలు మనిషికి అది మేలే చేస్తుంది. కానీ మన శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిన్, నిల్వలు రెండు మూడు వారాలకు మించి ఉండవు. తిండి తగ్గి, పైగా వాంతులతో ఆ నిల్వలు అడుగంటిన మనిషి రక్తంలోకి ఒక్కసారిగా గ్లూకోజ్ పంపితే, దాన్ని వాడుకునే క్రమంలో మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట పొంతన తప్పడం దాని గుర్తులు. దీన్ని వెర్నికే ఎన్‌సెఫలోపతీ అంటారు. వెంటనే పోల్చుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. దీని నివారణకు కావలసింది గ్లూకోజ్‌కు ముందో, కనీసం దానితోపాటో ఇవ్వవలసిన థయమిన్ ఇంజెక్షన్. అది ఖరీదైన మందేమీ కాదు. అది చేతిలో లేకపోతే మామూలు సెలైన్ ఎక్కించి పెద్ద ఆసుపత్రికి పంపవచ్చు. మీ శాఖ నుంచి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, బస్తీ దవాఖానాకు, ప్రైవేటు నర్సింగ్ హోంకు ఒక పేజీ ఆదేశం వెళ్లాలి: వచ్చిన రోగికి పొట్ట తగ్గించే ఆపరేషన్ జరిగిందా అని అడగండి, జరిగి ఉండి వాంతులతో వస్తే థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కించకండి. దానితోపాటు ఆ ఇంజెక్షన్లు కేంద్రాల్లో నిల్వ ఉండేలా చూడాలి.

ఆ ఆదేశంలోనే మరికొన్ని వాక్యాలు చేరాలి. ఆపరేషనైన తొలి వారాల్లో జ్వరం, నిమిషానికి 120 దాటిన గుండె వేగం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం కనిపిస్తే కుట్టు దగ్గర లీకు అని అనుమానించాలి. గ్యాస్ పట్టిందని మాత్ర ఇచ్చి ఇంటికి పంపకుండా 108కు ఫోన్ చేయాలి. గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయంలో చిన్న సంచిని వేరుచేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) జరిగినవారికి మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ సూది వేస్తే కలిపిన చోట పుండు పడి రక్తస్రావం కావచ్చు. వారికి పారాసిటమాల్‌తో సరిపెట్టాలి. ఆపరేషనైన రోజుల్లోనే చక్కెర స్థాయి పడిపోతుంది కనుక పాత మోతాదులో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహం మందులు కొనసాగిస్తే రోగి స్పృహ తప్పవచ్చు. బీపీ మందులనూ అలాగే తిరిగి చూసుకోవాలి. ఇవన్నీ సర్జన్లకు కొట్టినపిండే. తెలియవలసింది రాత్రి పదకొండు గంటలకు మండల కేంద్రంలో డ్యూటీలో ఉన్న యువ వైద్యుడికి.

మహిళల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ శస్త్రచికిత్సకు వచ్చేవారిలో పీసీఓడీతో, పిల్లలు కలగలేదన్న బాధతో వచ్చే యువతులు చాలామంది ఉంటారు. బరువు తగ్గడం మొదలైన కొద్ది నెలల్లోనే నెలసరి గాడిలో పడి గర్భం వచ్చే అవకాశం హఠాత్తుగా పెరుగుతుంది. సరిగ్గా ఆ కాలంలోనే తల్లి శరీరంలో పోషకాలు అట్టడుగున ఉంటాయి. అందుకే ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వాయిదా వేయాలని వైద్యులు చెబుతారు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన కోడలికి ఇంట్లో ఆ మాట చెప్పుకోవడం ఎంత కష్టమో నేను రాయనక్కరలేదు. ఆ ఇంటి గడప తొక్కగలిగింది ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం మాత్రమే. బైపాస్ తర్వాత నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్రలను పూర్తిగా నమ్మలేమని, వేరే పద్ధతి వాడాలని వారికి తెలిసి ఉండాలి. గర్భం వచ్చాక మన కేంద్రాల్లో అందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చక్కెర పరీక్ష చేస్తారు. బైపాస్ జరిగిన తల్లి అది తాగితే చెమటలు, గుండెదడ, విరేచనాలతో అక్కడే కూలబడవచ్చు. అలాంటివారికి ఇంట్లో గ్లూకోమీటర్‌తో కొన్ని రోజుల పాటు చక్కెర చూసుకునే పద్ధతిని అనుమతించాలి.

జీవితాంతం వాడవలసిన మందుల ఖర్చు గురించి ఆపరేషన్‌కు ముందు ఎవరూ గట్టిగా మాట్లాడరు. మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్, డి విటమిన్, ఐరన్ రోజూ వేసుకోవాలి. బి12 మాత్ర రూపంలో గానీ, నెలకొక ఇంజెక్షన్‌గా గానీ అందాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా రక్తపరీక్షలు జరగాలి. బీమా సొమ్ముతో ఆపరేషన్ గట్టెక్కిన కుటుంబం రెండో ఏడాదికి ఈ మాత్రలు మానేస్తుంది, ఎందుకంటే ఒంట్లో ఏ బాధా కనిపించదు. బి12 లోపం కాళ్ల తిమ్మిర్లుగా బయటపడే నాటికి నరాలకు నష్టం జరిగిపోయి ఉంటుంది. దీనికి కొత్త వ్యవస్థ ఏదీ నిర్మించవలసిన పనిలేదు. ఆరోగ్యశ్రీలో ఇప్పటికే కొన్ని చికిత్సల తర్వాత మందులకు, పరీక్షలకు, వైద్య సలహాకు ఏడాది పాటు ఫాలో-అప్ ప్యాకేజీ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని వీరికీ వర్తింపజేయండి. ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో, ఎవరి డబ్బుతో జరిగినా అర్హతగల కార్డు ఉంటే చాలనాలి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో బి12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), డి విటమిన్ పరీక్షలు వీరికి ప్రతి జిల్లాలో తప్పనిసరిగా అందాలి. జిల్లా ఆసుపత్రిలో ఈ రోగులను చూసే డైటీషియన్ ఒకరైనా ఉండాలి. నా వృత్తివారికి ఉద్యోగాలు అడుగుతున్నానని మీరు అనుకున్నా నేను నొచ్చుకోను, అది కూడా నిజమే.

మూడు నెలల్లో ముప్పై కిలోలు, నొప్పి లేదు, మచ్చ లేదు అని ఫ్లెక్సీల మీద కనిపించే ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద మీకున్న అధికారంతో ఒక్క షరతు పెట్టండి: ఈ ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రి, డిశ్చార్జ్ రోజున రోగికి తెలుగులోనో ఉర్దూలోనో ఒక కార్డు ఇవ్వాలి. జరిగిన ఆపరేషన్ రకం, తేదీ, వాడకూడని మందులు, ప్రమాద సూచనలు, రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు అందులో ఉండాలి. ఒక పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చిన ఒకావిడకు స్లీవ్ (జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్) జరిగిందో బైపాస్ జరిగిందో కూడా తెలియదు. ఆవిడ చేతిలో ఉన్న సమ్మరీలో అది రెండు అక్షరాల సంక్షిప్తంగా మాత్రమే ఉంది.

ఫాలో-అప్ ప్యాకేజీకి ఆర్థిక శాఖ అనుమతి, డైటీషియన్ పోస్టులకు నోటిఫికేషన్, వీటికి సమయం పడుతుందని నాకు తెలుసు. థయమిన్, నొప్పి మందులు, ప్రమాద సూచనల గురించిన ఆదేశానికి మాత్రం ప్రజారోగ్య సంచాలకుల సంతకం ఒక్కటి చాలు కనుక, దాన్ని బడ్జెట్ కోసం ఆపకుండా ఈ నెలలోనే జారీ చేయించమని కోరుతున్నాను. దానితో జతచేయవలసిన ఆహార పట్టికను మన జొన్న గటక, పప్పుకట్టు, మజ్జిగలతో దశలవారీగా తయారుచేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ శాఖ నిపుణులు దాన్ని పరిశీలించి, తప్పులుంటే దిద్ది అచ్చువేయించవచ్చు.

భవదీయురాలు,
ఒక డైటీషియన్,
కరీంనగర్