యాంటిగొనీ చదువుతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన నోట్స్ చూశాను. యాంటిగొనీ మంచిది, క్రియాన్ దుర్మార్గుడు అని పేజీకి మధ్యలో గీత గీసి, పాత్రలన్నిటినీ అటు కొందరిని ఇటు కొందరిని సర్దేశావు. పరీక్షలో మార్కులు పడతాయేమో గానీ, ప్రాచీన గ్రీకు నాటకకర్త సొఫోక్లీస్ ఈ నాటకంలో రాసిందాంట్లో సగం గీత దగ్గరే ఆగిపోయింది.

ఒక్కసారి క్రియాన్ వైపు నుంచి చూడు. యాంటిగొనీ తోడబుట్టిన అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చారు, థీబ్స్ రాజ్యం వచ్చి వాళ్ళ మేనమామ క్రియాన్ నెత్తిన పడింది. ఊరిని కాపాడుతూ పోయిన ఎటియోక్లీస్‌కి సకల లాంఛనాలు, పరాయి సైన్యాన్ని వెంటేసుకొచ్చిన పాలినైసెస్ శవం కుక్కలకీ గద్దలకీ అని చాటింపు వేయించాడు. యుద్ధం నిన్ననే ముగిసింది, కొత్త రాజు మెతకగా కనిపిస్తే ఊరు నిలబడదని అనుకున్నాడు, అందులో వింతేం లేదు. ఆ తర్వాత ఎవరేం చెప్పినా వినిపించుకోడు చూడు, అసలు కథ అక్కడుంది. శవం మీద ఎవరో మట్టి చల్లారని చెప్పడానికి కావలివాడు దారిలో పదిసార్లు ఆగి ఆగి భయపడుతూ వస్తే, డబ్బు తిన్నావంటాడు. చివరికి ముసలి జోస్యుడు టైరీసియస్‌నీ అదే మాట అంటాడు.

హేమన్ సీను మాత్రం పైకి చదువు. యాంటిగొనీకి అతను మేనమామ కొడుకే, మన లెక్కలో మేనరికం. అన్న శవం మీద మట్టి చల్లింది తనేనని తేలి, పెళ్ళి కావాల్సిన పిల్లకి మరణశిక్ష పడింది, అయినా మొదటి మాట "నాన్నా, నేను నీవాణ్ణే" అనే. నీ ఎదుట నోరెత్తరు గానీ ఊళ్ళో జనం ఆ పిల్ల కోసం ఏడుస్తున్నారంటాడు, వరదకి వంగిన చెట్టుకి కొమ్మలు మిగులుతాయి, బిగుసుకున్నది వేళ్ళతో సహా పోతుందంటాడు. అంత నెమ్మదిగా మొదలైన మాటలు కాసేపటికే తండ్రి ఒక లైను, కొడుకు ఒక లైను, దెబ్బకి దెబ్బగా మారిపోతాయి. గొంతు ఎక్కడ పెరిగిందో నువ్వే పట్టుకో, నేను చెప్పను.

ఇక యాంటిగొనీ. ధైర్యం ఉంది, కాదనను. కానీ నేనూ నీతో చస్తానని వచ్చిన చెల్లెలు ఇస్మెనెని ఎంత కటువుగా విదిలించిందో చూశావా? చావుకి వెళ్తూ ఇంకో మాట అంటుంది: మొగుడో బిడ్డో అయితే ఇంత పని చేసేదాన్ని కాను, అమ్మానాన్నా లేరు కాబట్టి అన్న మళ్ళీ పుట్టడు అని. ఆ లైన్లు సొఫోక్లీస్‌వి కాకపోతే బాగుండునని జర్మన్ మహాకవి గోథే అంతటివాడే అన్నాడు. నాకైతే అక్కడే ఆ పిల్ల విగ్రహంలా కాక మనిషిలా కనిపిస్తుంది, భయమేసి ఏదో ఒక కారణం వెతుక్కుంటోంది అనిపిస్తుంది.

నువ్వు గమనించనిది ఇంకోటుంది. టైరీసియస్ హెచ్చరికకి క్రియాన్ దిగొచ్చాక ఊరి పెద్దలు చెప్పిన వరస ఏంటంటే, బతికుండగానే మూసేసిన గుహలోంచి ముందు పిల్లని విడిపించు, ఆ తర్వాత శవాన్ని పూడ్చు. అతను ముందు శవం దగ్గరికి వెళ్ళాడు, కడిగి, కాల్చి, మట్టి దిబ్బ పోసి అప్పుడు గుహకి బయల్దేరాడు. వెళ్ళేసరికి పిల్ల ఉరేసుకుంది, కొడుకు తండ్రి మీదికి కత్తి దూసి, అది తప్పిపోతే తన పక్కలోనే పొడుచుకున్నాడు. ఇదంతా వార్తాహరుడి నోట వింటామే తప్ప రంగం మీద జరగదు. అది విన్న తల్లి యూరిడైస్ ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్ళిపోతుంది, కాసేపటికి ఆవిడా పోయిందని ఇంకొకడొచ్చి చెబుతాడు. చచ్చినవాళ్ళ మీదున్న శ్రద్ధ బతికున్నదాని మీద ఎందుకు లేకపోయిందంటావు? దేవుళ్ళ భయమా, లేక కోడలికి ముఖం చూపించలేకా? రెండింటికీ నాటకంలో ఆధారాలున్నాయి, వెతుకు.

ఇస్మెనెని "పిరికిది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వీళ్ళ నాన్న ఈడిపస్ పిల్లల్లో చివరికి మిగిలేది తనొక్కతే, అయినా మధ్యలో వెళ్ళిపోయాక మళ్ళీ రంగం మీదికి రాదు, ఏమైందని అడిగేవాడూ లేడు. ఆ పేజీ ఇంకోసారి రాసి శనివారం లోపు పంపు. అమ్మ పచ్చడి సీసా కొరియర్ చేసింది, అందగానే ఫోన్ చెయ్యి.

నాన్న