ఖాళీ ప్రోనోటుకు సిరా సాక్ష్యం చెప్పదు

అయ్యా,

ప్రోనోటు దావాల్లో ప్రతివాదులు తరచూ అనే మాట ఒకటుంది: "సంతకం నాదే, కానీ ఖాళీ కాగితం మీద పెట్టాను. ల్యాబుకు పంపి సిరా వయసు తేల్చండి." దస్తావేజులు రాసి బతికినవాడిగా చెబుతున్నాను, ఆ ఆశతో కోర్టు మెట్లెక్కకండి.

ల్యాబు చేయగలిగింది తక్కువేం కాదు. కంటికి ఒకే నీలంగా కనబడే రెండు సిరాలు పరారుణ కాంతిలో వేరైపోవచ్చు, ఒకటి మాయమై రెండోది నల్లగా నిలుస్తుంది. 10,000 పక్కన తర్వాత చేర్చిన సున్నా అలాగే దొరుకుతుంది. అదే రకం బాల్‌పెన్నుతో చేర్చితే మాత్రం ఆ కాంతిలో దొరకదు. ఇక ఎప్పుడు రాశారంటారా? సిరాలోని ద్రావకం ఎంత ఆరిందో కొలుస్తారు గానీ, రెండేళ్లు దాటితే ఆ కొలత పెద్దగా పనికిరాదు. పైగా కాగితం బీరువాలో ఉందా, ఎండలో ఉందా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. మనవాళ్లేమో ప్రోనోటుకున్న మూడేళ్ల గడువు ముగిసే వారంలో దావా వేస్తారు!

కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి కాచిన పాతకాలపు సిరా రాసేటప్పుడు పాలిపోయి ఉండేది, గాలి తగిలాక నల్లబడి కాగితంలోకి దిగేది. గీకితే మచ్చ మిగిలేది. ఇప్పుడు 60 డిగ్రీల వేడికే రంగు పోయే పెన్నులు దొరుకుతున్నాయి, ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలు. (ఆ కాగితాన్ని ఫ్రీజర్‌లో బాగా చల్లబరిస్తే ఆ రాత మళ్లీ తేలుతుందనుకోండి, ఆ సంగతి ఎందరికి తెలుసు?)

చట్టమూ ఆదుకోదు. స్టాంపు అంటించి సంతకం చేసి ఖాళీగా ఇస్తే, నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడిదేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను చెబుతోంది.

చేతిరాత నిపుణులూ పోల్చే నమూనాను బట్టే చెప్పగలరు. హిట్లర్ రాసినవంటూ 1983లో బయటికొచ్చిన డైరీలు అసలువేనని కొందరు నిపుణులు తేల్చారు. వాళ్లకు పోల్చడానికిచ్చిన కాగితాల్లోనే ఆ డైరీలు సృష్టించిన దొంగరాతగాడి చేతిరాత కలిసిపోయి ఉంది. చివరికి గుట్టు బయటపెట్టింది కాగితంలో కలిపిన, యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనం.

అందుకే నా విన్నపం: జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఒక నమూనా ప్రోనోటు ఫారం అచ్చువేయించి ఊళ్లలో పంచాలి. అందులో అప్పు మొత్తాన్ని అక్షరాల్లో, తేదీని కూడా అప్పు తీసుకునేవారే సొంత చేత్తో రాసే వరుస ఉండాలి. సంతకంలో నాలుగు గీతలే ఉంటాయి, ఒక పూర్తి వాక్యంలో పోల్చడానికి బోలెడు అక్షరాలు దొరుకుతాయి. రాయడం రానివారి వేలిముద్ర పక్కన, చదివి వినిపించామని సాక్షి తన చేత్తో రాసి సంతకం పెట్టాలి.

– ఒక దస్తావేజు లేఖరి, తెనాలి