పిల్లలకు వేరే బల్ల అక్కర్లేదు

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవుల్లో పిల్లల చేతిలోంచి సెల్‌ఫోన్ తీసి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటలు నేర్పించాలని సూచిస్తూ ఒక పాఠకుడు రాసిన లేఖ ఈ మధ్య మీ పత్రికలో చదివాను. సూచన మంచిదే గాని, ఈడును బట్టి పిల్లలనూ పెద్దలనూ వేరు వేరు జట్లుగా కూర్చోబెట్టాలన్న ఆయన మాటతో ఏకీభవించలేకపోతున్నాను. నిరుడు డాలస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నప్పుడు, తొమ్మిదేళ్ల మనవడు, పదిహేనేళ్ల మనవరాలు, అల్లుడు, అరవై ఎనిమిదేళ్ల నేను ప్రతి ఆదివారం ఒకే బల్ల దగ్గర 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడాము. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఆటలో ఒకరు కథ నడుపుతారు. వారిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవారు తలా ఒక పాత్రను పట్టుకుని ఆ పాత్ర ఏం చేయబోతోందో నోటితో చెబితే, అది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు ఉన్నట్టే అనుకోవచ్చు గాని, ఇక్కడ వంతలు అనే మాటను బట్టి కథే దారి మళ్లుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో మార్కెట్లోకి వచ్చింది. అంతకు ముందే గైగాక్స్ తాను కాగితం మీద గీసుకున్న నేలమాళిగలోకి మొట్టమొదట దింపింది తన పిల్లలనే, ఒక కొడుకునూ ఒక కూతురినీ. చిన్నవాళ్లను వేరే కూర్చోబెట్టి ఉంటే ఈ ఆట పుట్టేదో లేదో!

మొదటి రెండు వారాలు ఆట పాడుచేసింది నేనే. పాడుబడిన కోటలో మూసి ఉన్న మూడు తలుపులు ఎదురయ్యాయి. దొంగ పాత్ర పట్టుకున్న మనవడు "ఎడమ తలుపుకు చెవి ఆనించి వింటాను" అన్నాడు. "వద్దు నాన్నా, ముందు అక్కను చూడనీ" అన్నాను నేను. వాడు చేతిలోని పాచికను మళ్లీ డబ్బాలో పెట్టేసి, "సరే తాతయ్యా" అన్నాడు. ఆ పైన అరగంట సేపు ఏమడిగినా అదే "సరే". ఆట ముగిశాక గిన్నెలు కడుగుతూ, మాకు కథ నడిపే అల్లుడు నెమ్మదిగా అన్నాడు: "వాడు వింటాడనే ఆ తలుపు వెనక నిధి పెట్టానండీ, మావయ్యగారూ." అడగనిదే ఇంకొకరి పాత్ర ఏం చేయాలో ఎవరూ చెప్పకూడదని ఆనాడే ఒక నియమం పెట్టుకున్నాము. ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పిన నోటికి అది కఠిన శిక్షే.

దీనికి సరిగ్గా ఎదురైన పొరపాటు మా అల్లుడు చేశాడు. అట్ట చాటున పాచిక వేస్తూ, మనవడికి మాత్రం దెబ్బ తగలకుండా చూసేవాడు. మూడో వారం వాడే నిలదీశాడు: "నాన్నా, నన్నెవరూ కొట్టరేం?" అప్పటి నుంచి పాచికలన్నీ బల్ల మీదే పడ్డాయి.

2014లో వచ్చిన ఈ ఆట నియమాల అయిదో కూర్పులో తోటి ఆటగాడికి సాయం పట్టే వీలుంది. సాయం అందుకున్నవారు పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటారు. ఒకసారి నా ముసలి మంత్రగాడు గోడ మీది రాత చదవాలంటే 15 రావాలి. నా విద్యకు 4 కలుస్తుంది కాబట్టి పాచిక మీద 11 గాని అంతకు మించి గాని పడాలి, అంటే సరిగ్గా సగం అవకాశం. "నేను దీపం పట్టుకుంటాను తాతయ్యా" అన్నాడు మనవడు. ఆ దీపంతో నా అవకాశం 50 నుంచి 75 శాతానికి పెరిగింది. ఎలాగని వాడు అడిగితే గళ్ల కాగితం మీద ఇరవై అడ్డం, ఇరవై నిలువు గీయించాను. ఆ 400 గళ్లలో రెండుసార్లూ తప్పేవి 100 మాత్రమేనని వాడే ఎర్ర పెన్సిలుతో రుద్ది తేల్చాడు. పెద్దవాడికి చిన్నవాడి సాయం ఎంత విలువైనదో అంకెల్లో చూపించే ఆట నాకు మరొకటి తెలియదు.

ఇబ్బందులు లేవని అనను. మనవరాలికి దయ్యాల కథ కావాలి, వింటే తమ్ముడికి ఆ రాత్రి నిద్ర ఉండదు; అందుకే కథలోకి ఏవి రాకూడదో ఆట మొదలుపెట్టకముందే అందరూ కూర్చుని తేల్చుకోవాలి. పెద్దలు నాలుగు గంటలు ఆడగలరు, తొమ్మిదేళ్లవాడు గంటన్నరకే కుర్చీలో జారిపోతాడు. మేము జంతికల పళ్లెం తెచ్చి అక్కడితో ఆపేవాళ్లం.

అసలు అడ్డంకి భాష. నియమాలన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్ల మనవలతో కలిసి ఆడగలిగిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో దూరంగా ఉండిపోతున్నారు. ప్రచురణకర్తలైన విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వారు 2023 జనవరిలో సుమారు 400 పేజీల మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా అనువదించి అచ్చు వేసుకోవచ్చు. అందులోంచి ఇరవై పేజీలు తెలుగులోకి తెచ్చినా మన శాఖా గ్రంథాలయాల వేసవి శిబిరాలకు సరిపోతాయి; లెక్కలున్న భాగం రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇరవై ముఖాల పాచిక దొరకని ఊళ్లో 1 నుంచి 20 వరకు అంకెలు రాసిన చీటీలు డబ్బాలో వేసి ఒకటి తీసినా ఫలితం అదే, తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి డబ్బాలో వేయడం మరచిపోకుంటే.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
కాకినాడ