నాన్న చెవి నొప్పి: రుణపడ్డవాళ్లందరికీ

నాన్నకి ఇక మందులు ఆపేయొచ్చని నిన్న డాక్టర్ మేడమ్ చెప్పారు. ఏడు నెలలు పట్టింది. ఆ మాట విన్నాకే ఈ పోస్టు రాద్దామని ఆగాను.

నాన్నకి 68 ఏళ్లు, పాతికేళ్లుగా షుగరు. సంక్రాంతి వెళ్లాక కుడి చెవి పోటు మొదలైంది. పగలు ఓర్చుకునేవారు. రాత్రయితే దవడ దాకా లాగేసి, మంచం మీద కూర్చునే తెల్లవార్చేవారు. రెండు నెలల్లో చుక్కల మందులు మూడు మారాయి. (అమ్మ పోసిన వెల్లుల్లి నూనె సంగతి రాయొద్దంది. రాసేశాను.) ఓ పొద్దున టీ తాగుతుంటే మూతి వంకర పోయింది, కుడి కన్ను మూతపడలేదు. పక్షవాతమనుకుని గుంటూరు పరిగెత్తాం.

అక్కడి ఈఎన్‌టీ మేడమ్ బొమ్మ గీసి చూపించారు. ఇన్‌ఫెక్షన్ చెవి దాటి పుర్రె అడుగు ఎముకలోకి పాకింది, ముఖాన్ని కదిలించే నరం ఆ పక్కనే ఉంటుంది. దీని పేరు 'మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా' అట. క్యాన్సర్‌కి వాడే 'మాలిగ్నెంట్' అనే మాట అందులో ఉండటంతో అమ్మ కూలబడింది. పేరే అలా ఉంది, జబ్బు క్యాన్సర్ కాదన్నారు. అలాంటి పేరు ఎవరు పెట్టారో గానీ!

మామూలుగా దీనికి కారణం సూడోమోనాస్ అనే బాక్టీరియా. దానికి రెండు వారాలు ఇంజెక్షన్లు ఇచ్చినా నొప్పి తగ్గలేదు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే ఈఎస్‌ఆర్ (రక్తపరీక్ష) దిగలేదు. ఇంకో యాంటీబయాటిక్ రాసేసి ఊరుకోవచ్చు. మేడమ్ ఊరుకోలేదు. లోపల్నుంచి ముక్క తీసి, క్యాన్సర్ లేదని తేల్చుకోవడానికి కొంత పాథాలజీకి పంపారు. మిగతాది కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూడటానికి. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేస్తే కల్చర్‌కి పనికిరాదని, సెలైన్ సీసాలో వేసి నా చేతికే ఇచ్చారు. ల్యాబ్‌లో మైక్రోబయాలజీ సారు ఫంగస్‌కి కూడా పెట్టి, ఆదివారం పూట ఆయనే ఫోన్ చేశారు. ఆస్పర్‌జిల్లస్ అట, ఫంగస్. బాక్టీరియా మందులు దాన్నేం చేస్తాయి?

సారూ, మీ ముఖం కూడా నేను చూడలేదు. ఆ ఫోన్‌కి మా ఇల్లంతా మీకు దణ్ణం పెడుతోంది.

ఫంగస్‌కి మందు వొరికొనజోల్ మొదలుపెట్టాక ట్యూబ్‌లైటు చుట్టూ రంగులు కనిపిస్తున్నాయని నాన్న హడలిపోతే, రాత్రి పదకొండింటికి ఫోనెత్తి ధైర్యం చెప్పిన నర్సమ్మకి, మందు అయిపోకుండా ముందే తెప్పించి పెట్టిన మెడికల్ షాపు తమ్ముడికి, అడక్కుండానే డబ్బు సర్దిన పెద్దమావయ్యకి, ఆ మందు వల్ల చేయించాల్సిన లివర్ టెస్టులకి కారిచ్చిన పక్కింటివాళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు.

మూతి ఇంకా కొంచెం వంకరే. నాన్న నిన్న అద్దంలో చూసుకుని, "మీసం పెంచితే సరిపోద్దిలే" అన్నారు.