పంజరం కట్టుకో సరే, వల ఎక్కడ వెయ్యాల?

అల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరే రమణా,

నువ్వు పంపిన నార్వే వీడియో మూడుసార్లు చూశాన్రా. ఒకసారి నేను, ఒకసారి మా ఆవిడ, ఇంకోసారి మా చెరువు కాపలా శీనయ్య. వాడు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, అది చేపలు పెంచేదా, నూనె తవ్వేదా?" అన్నాడు. మా ఆవిడ మాత్రం, "మస్కట్‌లో ఎండ బాగా తగిలినట్టుంది మీ ఫ్రెండుకి" అంది. ఏమీ అనుకోకు.

ఫోన్లో చెబుదామంటే నువ్వు సగంలో అడ్డం పడతావు. అందుకే ఉత్తరం. "ఇరవై లక్షలు పెడతా, మన ఇస్కపల్లి సముద్రంలో చేపలు పెంచే వల పంజరాలేద్దాం" అన్నావు కదా. ఆ మాట విన్న రోజు నుంచి నాకూ నిద్ర లేదు. కాబట్టి తీరిగ్గా చదువు.

ముందు ఆ వీడియో సంగతి. శీనయ్య అడిగింది తప్పేం కాదు. నూనె తవ్వే వేదికల పద్ధతిలోనే కట్టారు దాన్ని. పేరు ఓషన్ ఫార్మ్ 1. చైనాలో తయారు చేయించి, ఓడ మీద మోసుకొచ్చి, 2017లో నార్వే సముద్రంలో నిలబెట్టారు. 110 మీటర్ల వెడల్పు, లోపల రెండున్నర లక్షల ఘనపు మీటర్ల నీళ్ళు, ఒక విడతకు 15 లక్షల సాల్మన్ చేపలు. వందల కోట్ల రూపాయల పని. మన దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు చెప్పే మామూలు పంజరం 6 మీటర్ల వెడల్పు. వల నాలుగు మీటర్ల లోతు దిగితే, నేను లెక్కేశాను, 113 ఘనపు మీటర్లు. అంటే అలాంటివి రెండు వేల పైచిలుకు కలిపితే ఆ ఒక్కటి. నువ్వు చూసింది ఏనుగునిరా, నేను చెప్పబోయేది మేకపిల్ల గురించి.

తమాషా ఏమిటంటే మనవాళ్ళు కూడా పెద్దదాంతోనే మొదలుపెట్టారు. 2007లో విశాఖ దగ్గర సముద్రంలో దించిన మొట్టమొదటి పంజరం 15 మీటర్లది, అందులో పండుగప్ప పెంచారు. తర్వాత తర్వాత తగ్గించుకుంటూ 6 మీటర్లకు వచ్చారు. అక్కడ సైజు పెరుగుతా పోతే ఇక్కడ తగ్గుతా వచ్చింది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. పోయిన నెల అర్థమైంది, చెబుతా.

పోలయ్య మామ గుర్తున్నాడా? మనం టెన్త్‌లో ఉన్నప్పుడు తెప్ప మీద ఎక్కించుకుని అల దాటించాడు చూడు, నువ్వు ఏడ్చావు. ఇప్పుడు ఆయనకు ఫైబర్ పడవ ఉంది, మోకాళ్ళ నొప్పులూ ఉన్నాయి. ఆయన్ని బతిమాలి ఒకరోజు తెల్లారుజామున నేనూ వెళ్ళా. నలభై నిమిషాలు పోయాక ఇంజను ఆపి, రాయి కట్టిన తాడు వదిలాడు. ఏడు బారలు, అంటే పదమూడు మీటర్ల లోపే. "ఇంకా పోవాల్నా?" అన్నాడు. వెనక్కి చూస్తే ఒడ్డున సరివి చెట్లు గీత గీసినట్టున్నాయి. అసలు ఆఫ్‌షోర్ (నడి సముద్రం) అంటే 50 మీటర్లు దాటిన లోతు అని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ళ లెక్క. బారల్లో చెబితే ఇరవై ఏడు పైన. మేమున్నది దాంట్లో నాలుగో వంతు. కాబట్టి మన దగ్గర పేపర్లలో "నడి సముద్రంలో చేపల సాగు" అని రాసేదంతా నిజానికి ఒడ్డు కనపడే దూరంలో జరిగే పనే.

అక్కడ ఒక పని చేసి వచ్చా. మూడడుగుల వల ముక్క ఇంట్లో తూకం వేసి, 200 గ్రాములు, మామ బోయా తాడుకు కట్టి వదిలేశా. ఇరవై ఐదు రోజుల తర్వాత తీస్తే గుర్తుపట్టలేదు. ఆకుపచ్చ నాచు జడలు జడలుగా వేలాడుతోంది. వేలెడు మందాన బురద లాంటి జిగురు. మధ్యలో గోరంత గోరంత తెల్ల గుల్లలు, చెయ్యి పెడితే కోసుకుపోయింది. కన్నులన్నీ పూడిపోయి గోనెసంచిలా బిగుసుకుపోయింది. తూకం వేస్తే కిలో మూడు వందల గ్రాములు! మా ఆవిడ కూరగాయల త్రాసు కడిగి ఇచ్చేదాకా నన్ను వంటింట్లోకి రానివ్వలేదు.

ఇప్పుడు ఆలోచించు. మన చెరువులో గాలి ఏరేటర్ ఇస్తుంది. సముద్రంలో గాలి ఇచ్చేది నీటి వాలు, అంటే ప్రవాహం. వల కన్ను పూడిపోతే లోపల చేపకు ఊపిరాడదు. పైగా ఆ బరువుకు, ఆ వాలుకు వల పక్కకు వాలిపోయి లంగరు తాళ్ళు లాగేస్తాయి. కాబట్టి మూడు నాలుగు వారాలకోసారి వల మార్చాలి, చేపలు లోపల ఉండగానే. 6 మీటర్ల పంజరమైతే నలుగురు మనుషులు పడవలో నిలబడి మార్చగలరు. 15 మీటర్లదైతే? అందుకేరా తగ్గించుకుంటూ వచ్చింది. నార్వేలో ఆ పని మెషీన్లు చేస్తాయి.

అట్లాగని సముద్రం పనికిరాదని కాదు. నిజం చెప్పాలంటే ఒక విషయంలో చెరువు కంటే వెయ్యి రెట్లు మేలు. రెట్ట, మిగిలిన మేత అడుగున కుళ్ళి అమ్మోనియా పెరిగే టెన్షన్ తక్కువ, కరెంటు బిల్లు లేదు, భూమి లీజు లేదు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఇప్పుడు ప్రపంచమంతా వలేసి పట్టే చేపలు ఎన్నో, అన్ని చేపలు సముద్ర విస్తీర్ణంలో 0.015 శాతం కూడా వాడకుండా పెంచొచ్చట. 2022లో అయితే పెంచిన జలచరాలు పట్టిన వాటిని మొదటిసారి దాటేశాయి, 51 శాతం. పనామా వైపు ఒడ్డుకు 12 కిలోమీటర్ల దూరాన నీళ్ళలో మునిగి ఉండే పంజరాల్లో కోబియా పెంచుతున్నారు. అలలు పైన కొట్టుకుంటుంటే చేప కింద నిమ్మళంగా తింటూ ఉంటుంది. ఆ కోబియా మన బంగాళాఖాతంలోనూ ఉండే చేపే. ఏడాదిలో ఆరేడు కిలోలు తూగుతుంది. వెనామీ అయితే పసిఫిక్ నుంచి తెచ్చుకున్న పరాయి రొయ్య, ఇది ఇంటి చేప, వల చిరిగి పారిపోయినా పుట్టింటికి పోయినట్టే. పిల్ల దొరకడం కూడా మునుపటిలా దుర్లభం కాదు. పండుగప్పను 1997లో చెన్నై ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ సీబా వాళ్ళు, కోబియాను 2010లో తమిళనాడులోని మండపం ఊళ్ళో హేచరీలో పుట్టించారు. అయితే మన వెనామీ సీడులా వీధికో హేచరీ లేదు, ఆక్సిజన్ సంచుల్లో రాత్రంతా లారీ మీద తెచ్చుకోవాలి.

ఇక మన సముద్రం తీరు నీకు నేను చెప్పాలా! అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు ఏ తుఫాను లేస్తుందో తెలీదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా, మన దగ్గర ఎన్ని చెట్లు పడ్డాయో అప్పుడు వీడియో కాల్‌లో చూశావు. నార్వేలో అల పెద్దదే గానీ తుఫాను ఇలా మెలికలు తిరిగి రాదు. అందుకని పిల్లను జనవరిలో వదిలి, సెప్టెంబరు లోపల పట్టుబడి చేసి, పంజరం ఒడ్డుకు లాక్కోవాలి. దానికి తోడు సోమశిల డ్యాం గేట్లెత్తారంటే పెన్నా ఎర్రనీళ్ళు సముద్రంలో చాలా దూరం పరుచుకుంటాయి, ఉప్పు పడిపోతుంది. కోబియా కొంతవరకే తట్టుకుంటుంది. పండుగప్ప మాత్రం మంచినీళ్ళలోనూ బతుకుతుంది. నన్నడిగితే మన తీరానికి పండుగప్పే. నెల్లూరు మార్కెట్లో కోబియా అంటే "అదేంది?" అంటారు, పండుగప్ప అంటే బేరమాడకుండా కొంటారు.

మేత దగ్గరే నా గుండె ఆగింది. మార్కెట్లో చవకగా దొరికే కవళ్ళు, చిన్న చేపలు కోసి వేస్తే కిలో చేప పెరగడానికి ఐదారు కిలోలు కావాలి. ఒక పంజరంలో రెండున్నర టన్నులు తీద్దామంటే పదమూడు పద్నాలుగు టన్నుల చిన్న చేప! అవి జనం తినే చేపలేరా, పేదవాడి పులుసులో పడేవి. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేప బాగా తిని ఎదిగే ఆ 61 రోజులు మేత ఎక్కడ తెస్తావు? కాబట్టి గుళిక మేత తప్పదు. అది తక్కువ పడుతుంది, కిలోకు కిలోన్నర, రెండు కిలోలు. కానీ ఖరీదు. రొయ్య మేత అప్పు పెట్టించుకుని మనం ఎలా మునిగామో నీకు తెలుసు.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతా. 1994లో మనిద్దరం కలిసి వేసిన ఆ రెండెకరాల టైగర్ రొయ్యల చెరువు. తెల్లమచ్చ రోగం వచ్చిన రోజు నువ్వు గట్టు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. మనకు నష్టం వచ్చిందనే గుర్తుంది గానీ, మన చెరువు ఉప్పునీళ్ళు దిగి పాలెంలో బోరింగు చేదెక్కిన సంగతి మనం అప్పుడు పట్టించుకోలేదు. పల్లెవాళ్ళు సముద్రానికి పోయే దారి మన గట్టుకు అడ్డం పడింది. తీరం దగ్గరి రొయ్యల చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మనం తిట్టుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు పడవలో నేను ఉత్సాహంగా నీ ప్లాన్ అంతా చెప్పా. ఇక్కడ పది పంజరాలు, అక్కడ లంగర్లు, రాత్రి కాపలా పడవ, లైట్లు. పోలయ్య మామ బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని అంతా విన్నాడు. "కట్టుకో అల్లుడా, నేను కాదన్లా. మరి నేను వల యాడ వెయ్యాల?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికే దక్షిణాన కృష్ణపట్నం పోర్టు ఓడల దారి ఉంది. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు అటువైపు పోవద్దంటారు. ఉత్తరాన రామాయపట్నం పోర్టు కడుతున్నారు. మిగిలిన నీళ్ళలో వీళ్ళ వలలు. 12 నాటికల్ మైళ్ళ దాకా చేపల వ్యవహారం రాష్ట్రం చేతిలో ఉంది. 2023లో కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం సవరించి పంజరాల సాగును కూడా అందులోకి తెచ్చారు. సరే, కాగితం వస్తుంది. కానీ నీళ్ళకు గట్టు ఉండదు కదరా. తెల్లారేసరికి లంగరు తాడు ఎవరో కోసేస్తే, కోసినవాణ్ణి తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. రూల్స్ కనుక్కుందామని ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగా. రెండుసార్లు సార్ మీటింగు, మూడోసారి సర్వర్ డౌన్. వాళ్ళ ఫ్యాను కింద కూర్చుని నీకు ఉత్తరంలో ఏం రాయాలో ఆలోచించుకున్నా.

నీ ఇరవై లక్షలు మాత్రం పంపొద్దు. ఒడ్డు నుంచి పెత్తనం చేసే పని కాదిది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో ఒక పంజరం యూనిట్‌ను 5 లక్షలుగా లెక్కగట్టి 40 శాతం సబ్సిడీ పెట్టారు, ఆడవాళ్ళకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం. నేను పోలయ్య మామ కోడలితో మాట్లాడా. వాళ్ళ సంఘంలో పదిమంది ఆడవాళ్ళున్నారు, ఎండుచేపల వ్యాపారం చేస్తారు, లెక్కల్లో నీకంటే గట్టి. పంజరాలు వాళ్ళ పేరున, రెండే రెండు. ఎక్కడ దించాలో మామ, ఆయన ఈడు వాళ్ళు నాలుగు పడవలు కూర్చుని తేలుస్తారు. వల మార్చే కూలీ వాళ్ళ పిల్లలకే. నేను మేతకు రెండు లక్షలు పెట్టుబడి ఇస్తా, వడ్డీ కాదు, పట్టుబడిలో వాటా. నువ్వూ అంతే ఇవ్వాలనుకుంటే ఇవ్వు. పోతే నీ దృష్టిలో పోయినట్టే అనుకోగలిగినంత ఇవ్వు.

కోడలు ఇంకా ఒప్పుకోలేదులే. "పదేళ్ళుగా రొయ్యల చెరువులతో మీరేం మిగిల్చుకున్నారో అది చెప్పండన్నా ముందు" అంది. 2025 ఆగస్టులో అమెరికా వాడు సుంకం 50 శాతం చేసినప్పుడు నా చెరువు సరుకు ఏ రేటుకు పోయిందో ఆమెకు తెలుసు, మా ఊరి ఐస్ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. రెండు రోజులు ఆలోచించుకుని చెబుతానంది.

సంక్రాంతికి వస్తున్నావు కదా, నాలుగు రోజులు ముందే రా. మామ పడవలో తీసుకుపోతా, ఏడు బారల దగ్గర నువ్వే తాడు వదిలి చూద్దువు. వాంతుల మాత్ర తెచ్చుకో, ఈసారి ఏడిస్తే వీడియో తీసి మీ ఆవిడకు పంపుతా. ఆ వల ముక్క ఇంకా మా గోడ మీదే ఎండుతోంది, కంపు పోలేదు. నీకు చూపించేదాకా పారెయ్యనివ్వనని ఇంట్లో గొడవపడి ఉంచా.

నీ
కోటి