మళ్లీ అద్దె ఈలలు వద్దు: ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను కాబట్టి మీ దాకా రాదని తెలుసు. మా వైపు కలెక్టరు గారికి రాసే బహిరంగ లేఖలు కూడా కలెక్టరు చదువుతారని రాసేవి కావు, టీకొట్టు దగ్గర పేపరు తిరగేసేవాళ్ల కోసం రాసేవి. ఆదివారం వచ్చిందంటే మీ లీగ్ తప్ప ఇంకో లోకం లేని తెలుగు ఇళ్లు మిల్వాకీ నుంచి డాలస్ దాకా చాలానే ఉన్నాయి. వాళ్లు చదివితే చాలు.

విషయం ముందే చెప్పేస్తాను. మీ రిఫరీల సంఘంతో 2019లో కుదిరిన ఏడేళ్ల ఒప్పందానికి గడువు 2026 మే 31. బేరం తెగకపోతే ఏం చేయాలో మీ ఆఫీసులో ఎవరో ఒకరు లెక్కలు వేస్తూనే ఉంటారు. అందులో ‘బయటి నుంచి మనుషుల్ని తెచ్చి ఈల చేతిలో పెడదాం’ అన్న కాగితం ఉంటే ఇవాళే చించేయండి. 2012లో ఆ ముచ్చట తీరింది. అప్పుడూ కమిషనర్ మీరే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. చేత్తో విసురుకుని, హెల్మెట్లతో గుద్దుకునే అమెరికా ఆట. మైదానంలో ఏడుగురు రిఫరీలు ఉంటారు, పెద్ద రిఫరీకి తెల్లటోపీ. వీళ్లలో చాలామందికి వారమంతా వేరే ఉద్యోగం ఉండేది. లాయర్లు, వ్యాపారులు, టీచర్లు. 2012 వేసవిలో పాత ఒప్పందం అయిపోయింది. ఆ తర్వాత జరిగింది సమ్మె కాదు. పనివాళ్లు మానేస్తే సమ్మె, యజమాని గేటుకు తాళం వేస్తే లాకౌట్. జూట్ మిల్లు గేటు మీద నోటీసు అంటించిన పొద్దు ఊరు ఎలా ఉంటుందో చూసిన విజయనగరం జిల్లావాణ్ణి నేను. ఆ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సుమారు 120 మంది రిఫరీలను మీరే బయట నిలబెట్టారు.

గొడవ ప్రధానంగా పింఛను గురించి. ఉన్న పింఛను తీసేసి 401కె అనే పొదుపు ఖాతాలోకి మారమన్నారు మీరు. మన టీచర్లు ‘సీపీఎస్ వద్దు, పాత పింఛనే కావాలి’ అంటూ రోడ్డెక్కుతున్నారే, అచ్చం అదే గొడవ. ఎంత తేడా మీద? అప్పట్లో పత్రికల్లో వచ్చిన లెక్క ఏడాదికి సుమారు 32 లక్షల డాలర్లు. 32 జట్లు, తలా లక్ష. లీగ్ ఆదాయం ఆ రోజుల్లో 900 కోట్ల డాలర్లకు అటూఇటూ. అంటే వెయ్యి డాలర్లు సంపాదించే ఇంట్లో 35 సెంట్ల దగ్గర పంచాయితీ.

పైస్థాయి కాలేజీ మ్యాచ్‌ల రిఫరీలు మీ పిలుపుకు రాలేదు. దాంతో చిన్న కాలేజీల నుంచి, హైస్కూలు మైదానాల నుంచి మనుషుల్ని తెచ్చారు. వాళ్లను నేను తిట్టను. ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మ్యాచ్‌లో రిఫరీగా నిలబడ్డ తొలి మహిళ షానన్ ఈస్టిన్ ఆ బృందంలోంచే వచ్చింది. ఆ తలుపు అలా దొంగదారిన తెరుచుకోవాల్సి రావడం మీ లీగ్‌కే సిగ్గుచేటు. వచ్చినవాళ్లు చేతనైనంత చేశారు. తెలిసి తెలిసి వాళ్లను ఆ కుంపట్లో కూర్చోబెట్టింది మీరు.

సెప్టెంబర్ 24, సోమవారం రాత్రి. నేను మిల్వాకీలో ఎంఎస్ రెండో ఏడాది. నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో, రోడ్డు పక్క ఎవరో వదిలేసిన సోఫాలో ఇరుక్కుని కూర్చున్నాం. విస్కాన్సిన్‌లో అడుగు పెట్టినవాడికి చలికోటు తర్వాత పట్టే రెండో జబ్బు ఆ రాష్ట్రపు జట్టు ప్యాకర్స్, మాకూ పట్టింది. మ్యాచ్ సియాటిల్‌లో, అక్కడి జట్టు సీహాక్స్‌తో. ఆ ఊరి పక్కనే రెడ్‌మండ్‌లో ఉండే మా బావ అవతలి పక్షం. పొద్దుట్నుంచీ మెసేజ్‌లతో గిల్లుతూనే ఉన్నాడు.

ప్యాకర్స్ 12, సీహాక్స్ 7. మిగిలింది ఎనిమిది సెకన్లు. సీహాక్స్‌కు నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, గోల్ గీతకు 24 గజాల దూరం. వాళ్ల రసెల్ విల్సన్ దేవుడి మీద భారం వేసి బంతిని గాల్లోకి విసిరాడు. కింద గుంపు. సీహాక్స్ ఆటగాడు గోల్డెన్ టేట్ రెండు చేతులతో మా శామ్ షీల్డ్స్‌ను వీపు మీద తోసేశాడు. షీల్డ్స్ బోర్లా పడ్డాడు, ఫౌల్ అని ఎవరూ పసుపు జెండా విసరలేదు. బంతి ప్యాకర్స్ ఆటగాడు జెన్నింగ్స్ చేతుల్లో పడింది. గుండెలకు హత్తుకున్నాడు. టేట్ కింద నుంచి చెయ్యి దూర్చాడు. ఇద్దరు రిఫరీలు పరుగెత్తుకొచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన రెండు చేతులూ నిటారుగా పైకెత్తాడు, టచ్‌డౌన్, సీహాక్స్‌కు ఆరు పాయింట్లు! పక్కనే నిలబడ్డ రెండో ఆయన అదే క్షణంలో తల మీద చేతులు అడ్డంగా ఊపాడు, చూసినవాళ్లకు అది కాదన్నట్టే. ఒకే బంతికి, ఒకే చోట, అడుగు దూరంలో రెండు తీర్పులు. ఆ ఫొటో మర్నాడు దేశమంతా తిరిగింది.

రీప్లే చూసి కూడా టచ్‌డౌన్ ఖాయం చేశారు. డ్రెస్సింగ్ రూముకు వెళ్లిపోయిన ప్యాకర్స్‌ను వెనక్కి పిలిచారు, నియమం ప్రకారం మిగిలిన ఒక్క కిక్కు కోసం. ఓడిన జట్టులోంచి కొందరు ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద నిలబడ్డారు. 14–12. మా గదిలో ఎవరూ నోరు మెదపలేదు. పప్పుచారు గిన్నె మూత తీసినవాడు మళ్లీ పెట్టేశాడు.

కాసేపటికి బావ ఫోను. ఎగతాళి చేస్తాడనుకుని బిగబట్టుకుని ఎత్తాను. “గెలిచాం రా బామ్మర్దీ,” అని ఆగాడు. “ఎలా గెలిచాం అని మాత్రం అడక్కు.”

మర్నాడు మీ ఆఫీసు ప్రకటన వచ్చింది. టేట్ తోసినందుకు ఫౌల్ ఇవ్వాల్సిందట, ఇచ్చి ఉంటే మ్యాచ్ అక్కడితో అయిపోయేదట, అయినా రీప్లే నిర్ణయం సరైనదేనట, ఫలితం మారదట. ఆ ప్రకటన మూడుసార్లు చదివాను. పెళ్లి తప్పే గానీ తాళి గట్టిగానే కట్టాం అన్నట్టుంది.

అధ్యక్షుడు ఒబామా లాకౌట్ తొందరగా తేలాలని ట్విట్టర్‌లో రాశారు. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వోద్యోగుల సంఘాల బేరమాడే హక్కును కత్తిరించిన మా విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ కూడా అసలు రిఫరీలను పిలవమన్నారు. సంఘం విలువ ఆయనకు ఒక్క టచ్‌డౌన్‌తో బోధపడింది. విస్కాన్సిన్ టీచర్లు ఆ ఏడాది చాలా నాళ్లు నవ్వుకోవడానికి ఆ ఒక్క ట్వీట్ సరిపోయింది.

సోమవారం రాత్రిది అందరికీ గుర్తుంది గానీ, నన్ను ఎక్కువ బాధపెట్టింది ముందు రోజు ఆదివారం. టెనెసీ, డెట్రాయిట్ మ్యాచ్ అదనపు సమయంలో 15 గజాల శిక్షను తప్పుడు గీత నుంచి కొలిచి 27 గజాలు నడిపించారు. మినెసోటాలో టైమవుట్లు అయిపోయిన కోచ్‌కు రెండుసార్లు రీప్లే అడిగే అవకాశం ఇచ్చారు, అది రూల్లోనే లేదు. వీటినీ క్షమించొచ్చు. ఓక్లండ్‌లో జరిగింది అలాంటిది కాదు. డేరియస్ హేవర్డ్-బే బంతి కోసం ఎగిరాడు, ఎదుటివాడి హెల్మెట్ తలకు తగిలి స్పృహ తప్పి పడ్డాడు. స్ట్రెచర్ మీద బయటికి మోసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. జెండా పడలేదు. ఆటగాళ్ల భద్రత పేరు మీదే న్యూ ఆర్లీన్స్ కోచ్ షాన్ పేటన్‌ను ఆ సీజన్ మొత్తానికి ఇంట్లో కూర్చోబెట్టింది మీరే కదా. అదే సీజన్లో, తలకు తగిలే దెబ్బను పసిగట్టి ఆపే కళ్లను గేటు బయట పెట్టిందీ మీరే.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఏటా కనుమ రోజు కబడ్డీ పోటీలు. పక్క ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టారు రిఫరీ. ఒక ఏడాది ఆయన ఇంకో రెండొందలు అడిగారు. కమిటీవాళ్లకు రోషమొచ్చింది, పెద్దాయన మేనల్లుడి మెడలో ఈల వేశారు. కుర్రాడికి రూల్సు బాగా తెలుసు, జిల్లా స్థాయి దాకా ఆడినవాడు. మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత నేను ఒకటి గమనించాను, ఈల ఊదే ముందు వాడు జనం వైపు చూస్తున్నాడు. అర సెకను, అంతే. నేను గమనిస్తే ఆటగాళ్లు గమనించరా? ఆ తర్వాత కూతకు వచ్చినవాడు ప్రతిసారీ ముందు గీత మీద కాలు పెట్టి, తర్వాత వాడితో వాదించాడు. చివరికి గోదాలో ముగ్గురికి తలలు పగిలాయి. మాస్టారు ఉన్నన్నాళ్లూ ఆయన తప్పులూ చేశారు, చాలానే. కానీ ఆయన ఈల ఊదాక అరిచినవాడు లేడు.

2012లో మీ దగ్గర పోయింది సరిగ్గా అదే. తప్పుల సంఖ్య ఎంత పెరిగిందని మీ గణాంకాలవాళ్లు వాదిస్తారు, వాదించనివ్వండి. సీనియర్ రిఫరీలూ ఘోరాలు చేస్తారు. 2019 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో, బంతి రాకముందే ఆటగాణ్ణి గుద్దేస్తే కళ్లారా చూస్తూ జెండా వేయలేదు, అక్కడి జట్టు సెయింట్స్‌కు సూపర్ బౌల్ ఫైనల్ పోయింది. ఆ రాత్రి నేనూ బూతులు తిట్టాను. కానీ ఆ తర్వాతి మ్యాచ్‌లో ఆటగాళ్లు రిఫరీని పిల్లకాకిలా చూడలేదు. 2012లో బాల్టిమోర్ మ్యాచ్ అవగానే న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచెక్ అంతటివాడు రిఫరీ చెయ్యి పట్టుకు లాగాడు. మీరు 50 వేల డాలర్లు జరిమానా వేశారు, న్యాయమే. ఏ తెల్లటోపీ సీనియర్‌నైనా ఆయన అలా లాగి ఉండేవాడా?

బుధవారం రాత్రికల్లా ఒప్పందం కుదిరింది. మూడు నెలలకు పైగా కుదరనిది రెండు రోజుల్లో ఎలా కుదిరిందో మీకే తెలియాలి. ఉన్నవాళ్లకు పింఛను ఇంకొన్నేళ్లు కొనసాగింది, తర్వాత 401కె. సంఘం పూర్తిగా గెలవలేదు, మీరూ పూర్తిగా ఓడలేదు. గురువారం బాల్టిమోర్‌లో అసలు రిఫరీలు అడుగు పెడుతుంటే స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రిఫరీలకు! ఈ దేశంలో అంతకు ముందు చూడలేదు, మళ్లీ చూస్తానన్న ఆశా లేదు.

మా ప్యాకర్స్‌కు మాత్రం లెక్క మిగిలిపోయింది. ఆ ఏడాది 11 గెలుపులు, 5 ఓటములు. సియాటిల్‌ది గెలిచి ఉంటే 12–4, లీగ్‌లో మా సగమైన నేషనల్ కాన్ఫరెన్స్‌లో రెండో స్థానం, నాకౌట్లలో ఒక వారం విశ్రాంతి. లేకపోవడంతో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లాల్సి వచ్చింది, అక్కడ 45–31తో ఓడి ఇంటికొచ్చాం. ఇది వదిలేద్దాం అనుకుంటూనే రాశాను, క్షమించాలి.

ఇప్పుడు అసలు భయం. ఆ సోమవారం ప్యాకర్స్ మీద పందెం మూడున్నర పాయింట్లు, అంటే అంతకు మించిన తేడాతో గెలిస్తేనే వాళ్ల మీద కాసినవాడికి డబ్బు. 12–7తో ముగిస్తే ప్యాకర్స్ మీద కాసినవాళ్లు గెలిచేవారు, 14–12తో తలకిందులైంది. అప్పట్లో ఆ సొమ్ము ఎక్కువగా లాస్ వేగస్‌లోనో, చాటుమాటుగానో తిరిగేది. అదే ఆగస్టులో న్యూజెర్సీలో పందేలు వద్దని కోర్టుకెక్కిన లీగుల్లో మీదీ ఒకటి. ఆట పవిత్రత దెబ్బతింటుందన్నారు. 2018లో సుప్రీంకోర్టు తలుపులు తీసింది. ఇవాళ ముప్పైకి పైగా రాష్ట్రాల్లో పందెం చట్టబద్ధం, పందెం కంపెనీలు మీకు అధికారిక భాగస్వాములు, మీ జట్టొకటి లాస్ వేగస్‌లోనే కాపురం పెట్టింది. ప్రతి డౌన్ మీదా ఫోన్లో డబ్బు కాస్తున్నారు. రెండు చేతులు రెండు రకాలుగా లేచిన ఆ ఫొటోను ఈ కాలంలో ఊహించుకోండి. 2012లో జనం ‘చేతకానివాళ్లు’ అన్నారు. ఈసారి ‘అమ్ముడుపోయారు’ అంటారు. అది ఏ ప్రకటనతోనూ కడుక్కోలేరు.

కాబట్టి అడుగుతున్నాను. గట్టిగా బేరమాడండి, పనితీరు బాగోలేని రిఫరీని పక్కనపెట్టే హక్కు అడగండి, కొత్తవాళ్లకు శిక్షణ అడగండి, నాకేం అభ్యంతరం లేదు. గడువు దాటితే పాత షరతుల మీదే ఆట నడపనిచ్చి, మాటలు కొనసాగించండి. తెగకపోతే ఇద్దరికీ నచ్చిన మధ్యవర్తిని కూర్చోబెట్టండి. గేటుకు మాత్రం తాళం వేయకండి.

ఇట్లు,
విస్కాన్సిన్ నుంచి ఒక ప్యాకర్స్ అభిమాని

తా.క.: ఇది రాసి బావకు పంపాను. సీహాక్స్ తరఫున తన సంతకం కూడా పెట్టమన్నాడు. ఆ బంతి మాత్రం టేట్‌దేనని ఇప్పటికీ అంటాడు.